బస్సు మోటార్‌హోమ్‌లో డ్రైవర్ దగ్గర వేడి: ముందు ఇంకో ఏసీ పెట్టాలా, వేరే దారి ఉందా?

ఆరుచక్రాలు
అందరికీ నమస్కారం. బండి వివరాలు: 11 మీటర్ల బస్సు, ఇంజిన్, రేడియేటర్ రెండూ వెనకే, 24 వోల్టుల కరెంటు. సీట్లు తీసేసి లోపల ఇంటి పని పూర్తయింది. నడుమ కప్పు మీద 13,500 బీటీయూ ఏసీ ఉంది, దారిలో ఇన్వర్టర్ మీద నడుస్తుంది. బయట 36 డిగ్రీలుంటే మంచం దగ్గర 26, డ్రైవర్ సీటు దగ్గర 39. అంటే బయటికన్నా ఎక్కువ! పాత బస్సు ఏసీ మొత్తం తీసేశారు. డ్యాష్‌బోర్డులో హీటర్, డీఫ్రాస్టర్ (ముందు అద్దం మీది మంచు, ఆవిరి పోగొట్టేది) మాత్రం అలాగే ఉన్నాయి. ముందు కప్పు మీద ఇంకో ఏసీ పెట్టడమా, ఇంజిన్ బెల్టుకి కంప్రెసర్ తగిలించి డ్యాష్ దాకా గ్యాస్ పైపులు లాగడమా? ఏది మేలో చెప్పండి.

కొలతముఖ్యం
రెండూ ఇప్పుడే వద్దండీ. లోపల బయటికన్నా 3 డిగ్రీలు ఎక్కువుందంటే అది చల్లదనం చాలకపోవడం కాదు, ఎక్కణ్ణుంచో వేడి వచ్చి పడుతోందని. ఆ వేడి ఎక్కడిదో తేలకుండా ఏసీ పెడితే, పొయ్యి ఆర్పకుండా ఫ్యాను తిప్పినట్టే.

గంటసేపు హైవే మీద నడిపి, బండి ఆపిన వెంటనే ఈ చోట్ల కొలవండి: డ్యాష్ పైభాగం, ముందు అద్దం లోపలి వైపు, అద్దం పైనున్న రూటు బోర్డు పెట్టె, పెడళ్ల దగ్గర ఫ్లోర్, స్టీరింగ్ కాలమ్ ఫ్లోర్‌లోకి దిగే చోటు, తలుపు మెట్ల గుంట, హీటర్‌కి వచ్చే గొట్టం, పోయే గొట్టం. గన్ థర్మామీటర్ చాలు. మెరిసే అల్యూమినియం మీద, ఇత్తడి మీద అది తప్పు చూపిస్తుంది. అలాంటి చోట నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి టేపు మీద కొలవండి. గాలి వేడికి గన్ పనికిరాదు, మామూలు ప్రోబ్ థర్మామీటర్ ఒకటి పాదాల దగ్గర, ఒకటి తల ఎత్తున ఎండ తగలకుండా వేలాడదీయండి. ఈ రెండింటి తేడాయే సగం విషయం చెప్పేస్తుంది. పాదాల దగ్గర ఎక్కువుంటే వేడి కింద నుంచి, తల దగ్గర ఎక్కువుంటే అద్దం, కప్పు నుంచి.

వెనకింజన్
వెనక ఇంజిన్ అంటున్నారు కాబట్టి నా అనుమానం నేరుగా హీటర్ గొట్టాల మీదే. ఇంజిన్ నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 10 మీటర్లకు పైగా ముందుకొచ్చి, డ్యాష్‌లో కోర్ (హీటర్‌లోని చిన్న రేడియేటర్) గుండా తిరిగి వెనక్కి పోతుంది. డ్యాష్ మీద మీట "చల్లన" వైపు తిప్పినంత మాత్రాన కూలెంట్ ఆగదు. పాత బస్సుల్లో ఆ మీట కేబుల్ సాగిపోతుంది, వాల్వు సీటు అరిగిపోతుంది. కొన్ని బండ్లలో అసలు నీళ్ల వాల్వే ఉండదు, గాలి దారి మార్చే ఫ్లాప్ మాత్రమే ఉంటుంది. అంటే ఎండాకాలమంతా డ్యాష్ లోపల 85–90 డిగ్రీల రేడియేటర్ ఒకటి కూర్చుని ఉందన్నమాట.

లెక్క చూడండి. బ్లోయర్ గంటకు 300 ఘనపు మీటర్ల గాలి కొడుతోందనుకుందాం. ఆ గాలి కోర్ పక్కనుంచి పోతూ 10 డిగ్రీలు వేడెక్కినా 1 కిలోవాట్. మీ కప్పు ఏసీ మొత్తం బలం దాదాపు 4 కిలోవాట్లు. అందులో పావు వంతు ఈ ఒక్క కోరే మింగేస్తుంది.

పాతషాసీ
ముందు ఇంజిన్ బండ్లవాళ్లకు కూడా ఈ చర్చ పనికొస్తుంది కాబట్టి ఒక మాట. వాళ్లకు అసలు శత్రువు డ్రైవర్ పక్కనున్న బానెట్, అంటే ఇంజిన్ మూత. 0.8 చదరపు మీటర్ల బానెట్ పైభాగం 80 డిగ్రీలకు చేరితే, 30 డిగ్రీల క్యాబిన్‌లోకి దాదాపు 400 వాట్లు వదులుతుంది. అది బానెట్ రేకు నుంచి వచ్చే వేడి మాత్రమే. బానెట్ అంచు రబ్బరు నలిగిపోయి ఉంటే సందుల్లోంచి వచ్చే వేడిగాలి దీనికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. ముందు అంచు రబ్బరు, తర్వాత వేడి ఆపే దుప్పటి మందం. చాలామంది తారుమారు చేస్తారు.

ఆరుచక్రాలు
కొలిచాను. బయట 35.
డ్యాష్ పైన 71, రూటు బోర్డు పెట్టె లోపల 63, ముందు అద్దం 48, పెడళ్ల దగ్గర ఫ్లోర్ 44, మెట్ల గుంట 41. హీటర్ గొట్టం వచ్చేది 82, పోయేది 79. మీట పూర్తిగా చల్లన వైపే ఉంది. గాలి: పాదాల దగ్గర 42, తల దగ్గర 38.

వెనకింజన్
దొరికింది. వాల్వు మూసుకుంటే డ్యాష్ దగ్గర రెండు గొట్టాలూ గోరువెచ్చగా ఉండాలి. 82, 79 అంటే కూలెంట్ గలగలా తిరుగుతోంది. ఇంత తక్కువ తేడా ఉందంటే ప్రవాహం బాగా ఉందనే అర్థం.

చేయాల్సిన పని ఇది. ఇంజిన్ నుంచి హీటర్ గొట్టం బయల్దేరే చోటే, అంటే వెనకే, ఇత్తడి ఫుల్ పోర్ట్ (లోపలి దారి ఇరుకు కాని) బాల్ వాల్వు పెట్టండి. ముందు డ్యాష్ దగ్గర పెడితే కోర్ ఆగుతుంది కానీ ఫ్లోర్ కింద గొట్టం మొదటి భాగం వేడిగానే ఉంటుంది. గొట్టం లోపలి వ్యాసం కొలిచి అదే సైజు తీసుకోండి, బస్సుల్లో 25 మి.మీ. తరచుగా కనిపిస్తుంది. వాల్వుకి రెండువైపులా గొట్టం తొడిగే బార్బ్ ఉండాలి. పిడికి మీద "తెరువు, మూయి" అని రంగు వేయండి, చలికాలంలో అద్దం మంచు పట్టినప్పుడు వెతుక్కోకుండా.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. వేడి మీద మూత తీస్తే కూలెంట్ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. రెండు లీటర్లు పట్టే గిన్నె కింద పెట్టి, గొట్టాన్ని కోతకు అటూ ఇటూ గొట్టం నొక్కే పటకారుతో బిగించి, మధ్యలో కొయ్యండి. సిలికాన్ గొట్టమైతే మామూలు చీలికల క్లాంపు వద్దు, ఆ చీలికల్లోంచి సిలికాన్ ఉబికి తెగుతుంది, లోపల నున్నటి పట్టీ ఉన్నది వాడండి. తర్వాత గాలి తీయడం మర్చిపోవద్దు. ముందు కోర్ మీద బ్లీడ్ స్క్రూ ఉంటుంది. గాలి మిగిలితే ఇంజిన్ వేడి సూచీ అబద్ధం చెప్పొచ్చు.

రెండోవైపు, అంటే హీటర్ నుంచి వెనక్కి పోయే గొట్టంలో కూడా ఒక వాల్వు పెట్టుకోవచ్చు, కోర్ మార్చాల్సి వస్తే సులువు. కానీ ఎండాకాలం వచ్చేది మాత్రమే మూయండి, పోయేది తెరిచే ఉంచండి. రెండూ మూస్తే మధ్యలో చిక్కిన కూలెంట్ ఎండకు వ్యాకోచించి జాయింట్ల దగ్గర కారుతుంది. మీ ఇంజిన్ మాన్యువల్ ఒక్కసారి చూడండి, కొన్నింటిలో హీటర్ సర్క్యూట్ బైపాస్‌గా కూడా పనిచేస్తుంది. అలాంటి దాన్ని మూయకుండా ఇంజిన్ దగ్గరే వచ్చే, పోయే గొట్టాల మధ్య అడ్డదారి ఇవ్వాలి.

నట్టుబోల్టు
అదనంగా: నడవాలో ప్రయాణికుల కోసం ఫ్లోర్ హీటర్లు ఉండేవి కదా, బస్సు మార్చేటప్పుడు వాటిని తీసి గొట్టాల చివరలు ఎలా మూశారో కూడా చూడండి. కొందరు రెండు చివరలనూ చిన్న గొట్టం ముక్కతో కలిపేస్తారు. అప్పుడు మీ మంచం కింద కూడా 80 డిగ్రీల కూలెంట్ తిరుగుతూనే ఉంటుంది.

చిల్లులవేట
ఇక పాదాల దగ్గర 42 సంగతి. గొట్టాలు కొంత కారణం, మిగతాది చిల్లులు. ముందు చక్రాల గుంట నుంచి, రోడ్డు మీది వేడిగాలి ఫ్లోర్ రంధ్రాల్లోంచి లోపలికి వస్తుంది. నిమిషానికి ఒక్క ఘనపు మీటరు గాలి 70 డిగ్రీల వేడితో, 30 డిగ్రీల క్యాబిన్‌లోకి వస్తే దాదాపు 700 వాట్లు. ముందు ఇంజిన్ బండికి అది మామూలే. మీ బండిలో కింది గాలి 70 ఉండదు, 45–50 ఉంటుంది, కాబట్టి సుమారు సగం వేసుకోండి.

వెతికే పద్ధతి రెండు రకాలు. చీకటి పడ్డాక ఒకరు కింద చేరి టార్చి పట్టుకుని ముందు భాగమంతా తిప్పాలి, ఇంకొకరు లోపల దీపాలార్పి చూడాలి. వెలుతురు కనిపించిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత. ఇది పెద్ద చిల్లులకు. చిన్నవాటికి టిష్యూ కాగితాన్ని వేలెడంత వెడల్పు, జానెడు పొడవు చీల్చి, బండి నడుస్తుండగా పక్కసీటులో ఉన్నవాళ్లు (డ్రైవర్ కాదు!) పెడళ్ల పక్క, వైర్ల కట్ట పక్క, కాలమ్ పక్క పట్టుకోవాలి. గాలి వచ్చే చోట కాగితం కొస నిటారుగా లోపలికి లేస్తుంది, బాగా కారే చోట పటపటా కొట్టుకుంటుంది.

మూయడానికి:
స్టీరింగ్ కాలమ్‌కి ముడతల రబ్బరు బూటు, కింద రేకు రింగుతో నాలుగు స్క్రూలు. పాత బూటు సాధారణంగా ముడతల లోపలి మలుపులో పగులుతుంది, పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, వేలితో ముడత విప్పి చూడాలి.
ఎయిర్ బ్రేక్ నైలాన్ గొట్టాలకు, వైర్లకు సరైన సైజు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రబ్బరు రింగు), చుట్టూ మంటకు తట్టుకునే పుట్టీ.
వాడని రంధ్రాలకు 1.5 మి.మీ. రేకు, సీలెంట్, రివెట్లు.

స్ప్రే ఫోమ్ మాత్రం పెడళ్ల దగ్గర వద్దు. ఉబ్బి పెడల్ కదలికకు అడ్డం పడుతుంది, పైగా మండే పదార్థం. బ్రేక్ పెడల్ దగ్గర ఏం చేసినా చేత్తో నొక్కి, చివరిదాకా పోయి తిరిగి పైకి వస్తోందో లేదో పదిసార్లు చూడండి. బ్రేకు నైలాన్ గొట్టాల్ని హీటర్ గొట్టంతో కలిపి కట్టేసి ఉంటే అది కూడా విడదీయండి.

కొలతముఖ్యం
చిల్లుల గురించి ఒక ప్రాణం మీది విషయం. వేడిగా ఉందని చాలామంది నడుస్తుండగా ముందు కప్పు కిటికీ ఎత్తి, పక్క అద్దాలు దించుతారు. బస్సు వేగంగా పోతుంటే ఆ తెరిచిన చోటుల్లోంచి గాలి బయటికి లాగబడి లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి గాలి ఫ్లోర్ చిల్లుల్లోంచి, వెనక ఇంజిన్ మూతల సందుల్లోంచి వస్తుంది. వేడితో పాటు ఎగ్జాస్ట్ పొగ కూడా. అందులోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. చిల్లులు మూశాకే కప్పు కిటికీ సంగతి ఆలోచించండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి డ్రైవర్ దగ్గర, ఒకటి పడక దగ్గర ఉండాల్సిందే.

గాలి కావాలంటే ముందు నుంచి వచ్చే దారి, వెనక పోయే దారి ఇవ్వండి, లోపల ఒత్తిడి కొద్దిగా ఎక్కువగా ఉండేలా. అప్పుడు చిల్లు మిగిలినా గాలి బయటికే పోతుంది.

అద్దాలపని
ఇప్పుడు డ్యాష్ 71 సంగతి. ముందు అద్దం ఎంత పెద్దదో కొలవండి, 3 చదరపు మీటర్లనుకుంటే, ఎండ ఎదురుగా పడే వేళ సాదా లామినేటెడ్ అద్దం గుండా 1200 నుంచి 1500 వాట్లు లోపలికి వస్తాయి. తలుపు అద్దం, డ్రైవర్ పక్క అద్దం దీనికి అదనం.

అద్దానికి అంటించే ఎండ ఫిల్మ్ కొనేటప్పుడు "ఐఆర్ 95 శాతం" (ఐఆర్ అంటే పరారుణ కిరణాలు) అని రాసింది చూసి మోసపోవద్దు. ఆ అంకె కొన్ని తరంగదైర్ఘ్యాల్లో మాత్రమే కొలిచింది కావచ్చు. చూడాల్సింది మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందన్న అంకె, దాన్ని టీఎస్ఈఆర్ అంటారు. వెలుతురు బాగా పోనిచ్చే మంచి సిరామిక్ ఫిల్మ్ 40–50 శాతం దగ్గర ఉంటుంది. ముందు అద్దానికి ఎంత వెలుతురు దాటాలో చాలా దేశాల్లో నిబంధన ఉంటుంది, 70 లేదా 75 శాతం తరచుగా కనిపించే హద్దు. అద్దం సొంత రంగు కూడా కలిపే లెక్క. 75 శాతం దాటనిచ్చే అద్దం మీద 80 శాతం ఫిల్మ్ వేస్తే చివరికి 60. ఇది చాలామంది మరిచేది.

వేడిని పీల్చుకునే ముదురు ఫిల్మ్ పెద్ద బస్సు అద్దానికి ప్రమాదం. నడుమ వేడెక్కి, అంచులు రబ్బరు కింద చల్లగా ఉండి, అంచు నుంచి పగులు మొదలవుతుంది.

ఆగి ఉన్నప్పుడు లోపలి వెండిరంగు అట్టకన్నా బయట కప్పే గుడ్డ ఎంతో మేలు. బయటిది ఎండని అద్దం తాకకుండానే ఆపుతుంది, లోపలిది అద్దం దాటి వచ్చిన వేడిలో కొంత మాత్రమే వెనక్కి పంపుతుంది. మిగిలింది అద్దానికీ అట్టకీ మధ్య ఇరుక్కుంటుంది. వైపర్లు లేపి, అద్దాల కొక్కేలకు కట్టుకునేలా కుట్టించుకుంటే రెండు నిమిషాల పని.

రూటు బోర్డు పెట్టె 63 అన్నారు. దానిపై ఎవరూ దృష్టి పెట్టరు. అద్దం ముందు, ఖాళీ పెట్టె వెనక, మూత సరిగ్గా డ్రైవర్ నెత్తి మీద. గాజు లోపలి వైపు తెల్ల రంగు వేయండి, పెట్టెలో 50 మి.మీ. రాక్‌వూల్ (వేడి ఆపే రాతి ఉన్ని) నింపండి, మూత అంచులకు స్పాంజి బీడింగ్ వేయండి. లోపల వైపర్ మోటారో, లైట్ల వైర్లో ఉంటే వాటి చుట్టూ ఖాళీ వదలండి.

దారిపొడుగు
డ్యాష్ మీద తెల్లటి గుడ్డ పరిస్తే 71 కాస్తా 50కి దిగుతుంది కదా?

అద్దాలపని
దిగుతుంది, కానీ దాని ప్రతిబింబం ముందు అద్దంలో తెల్లగా పడి రోడ్డు కనిపించదు. బస్సు అద్దం నిటారుగా ఉన్నా ఈ బాధ తప్పదు, ముఖ్యంగా సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు. డ్యాష్ ఎప్పుడూ మెరుపులేని ముదురు రంగే. ఆగినప్పుడు మాత్రం తెల్లది పరచండి.

పాతషాసీ
దీనికి నేను కొంచెం అడ్డం చెబుతాను. ముదురు రంగు సరే, కానీ డ్యాష్ మందపాటి ప్లాస్టిక్ అయితే అది వేడిని దాచుకుని సాయంత్రం దాకా వదులుతూనే ఉంటుంది. 6 మి.మీ. మూసిన కణాల ఫోమ్ మీద నల్లటి ఫెల్ట్ గుడ్డ పరిస్తే ఎండకి ఫెల్ట్ వేడెక్కుతుంది గానీ, అది పలచన, నీడ రాగానే చల్లారిపోతుంది. కింద డ్యాష్ డొల్ల, దానిలోని ఏసీ గాలి గొట్టాలు చల్లగా ఉంటాయి. గొట్టాల్లో గాలి వేడెక్కకపోవడమే ఇక్కడ అసలు లాభం. డీఫ్రాస్టర్ సందులు మూయకుండా కొయ్యండి.

అద్దాలపని
ఒప్పుకుంటున్నాను. అది మంచి మార్గం.

పాతషాసీ
బానెట్ కింద వేసే దుప్పటి మందం గురించి ఇద్దరు విడిగా అడిగారు, ఇక్కడే రాస్తున్నా. ఇంజిన్ వైపు నుంచి వరస: రేకు పూత ఉన్న గ్లాస్‌ఫైబర్ దుప్పటి 20–25 మి.మీ., టర్బో, మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికొచ్చే మొదటి గొట్టాలు) ఎదురుగా ఉన్న భాగంలో సిరామిక్ ఫైబర్ లేదా విడిగా రేకు కవచం. కవచానికీ మ్యానిఫోల్డ్‌కీ మధ్య కనీసం 20 మి.మీ. గాలి సందు. రేకు కవచం పనిచేసేదే ఆ సందు వల్ల. మెరిసే బబుల్ షీటు రెండు రేకుల మధ్య నొక్కి అంటిస్తే దాని మెరుపు దండగ, ఎందుకంటే ఎదురుగా గాలి లేనిదే అది వేడిని తిప్పికొట్టలేదు.

మామూలు కాంటాక్ట్ జిగురు 70–80 డిగ్రీలకే మెత్తబడి దుప్పటి ఊడి ఫ్యాను బెల్టులో పడుతుంది. వెల్డింగ్ పిన్నులు, వాషర్లు పెట్టండి, 150 మి.మీ.కి ఒకటి చొప్పున. కోసిన అంచులన్నీ రేకు టేపుతో మూయాలి, నూనె పీల్చుకున్న గ్లాస్‌ఫైబర్ నిప్పుకి వత్తిలా పనిచేస్తుంది. అంచుకి డి ఆకారం ఈపీడీఎం రబ్బరు స్పాంజి, మూత వేస్తే మూడో వంతు నలగాలి. ఈపీడీఎం దాదాపు 120 డిగ్రీల వరకు ఆగుతుంది, మ్యానిఫోల్డ్ పక్క అంచులో సిలికాన్ స్పాంజి వేయండి. క్యాబిన్ లోపల వేసే ప్రతి గుడ్డ, ఫోమ్ మంట పరీక్ష దాటిందా అడగండి. బస్సులకు యూరోపియన్ నియమం ఆర్118, అమెరికాలో ఎఫ్ఎంవీఎస్ఎస్ 302.

ఎగ్జాస్ట్ గుడ్డ చుట్టడం గురించి: పాత పోత ఇనుప మ్యానిఫోల్డ్‌కి చుట్టొద్దు. తేమ పట్టి తుప్పు, వేడి చిక్కి పగుళ్లు. కవచమే మేలు. ఇంకోటి, బానెట్ లోపల గాలి బయటికి పోయే దారుల్ని దుప్పటితో మూసేయకండి. క్యాబిన్ చల్లబడి ఇంజిన్ ఉడికితే ఏం లాభం?

ఆరుచక్రాలు
హీటర్ వాల్వు పెట్టేశాను. అదే ఎండ, అదే దారి. గొట్టాలు 38, 37. పాదాల దగ్గర 42 కాస్తా 37కి దిగింది. చిల్లుల పని మొదలుపెట్టాను, టార్చి పరీక్షలో 14 చోట్ల వెలుతురు! ఇక మొదటి ప్రశ్నకి వస్తే, ఇవన్నీ అయ్యాక కూడా కొంత ఏసీ కావాలి. బెల్టు కంప్రెసరా, కప్పు ఏసీయా?

గ్యాస్‌పైపు
వెనక ఇంజిన్ బండికి బెల్టు కంప్రెసర్ నుంచి ముందు డ్యాష్ దాకా గ్యాస్ లాగడం చేయదగ్గదే, కానీ తలనొప్పి. 12 మీటర్ల సక్షన్ గొట్టం (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగి పోయేది) దారిపొడవునా వేడి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. మామూలు కారు సైజు 10 నంబరు గొట్టం చాలదు, 12 నంబరు వేయాలి, లోపలి వ్యాసం 16 మి.మీ. కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే కాయిల్) వెనక పెడితే 8 మి.మీ. ద్రవం గొట్టం ఒక్కటే 12 మీటర్లకు 0.6 లీటర్లు, అంటే దాదాపు 0.7 కిలోల ఆర్134ఏ గ్యాస్ అదనంగా పడుతుంది. నూనె కూడా గొట్టం గోడలకు పట్టుకుపోతుంది, సరిపడా కలపకపోతే కంప్రెసర్ ఎండి బిగుసుకుంటుంది. గొట్టం ఎక్కడా కడుపులా కిందికి వేలాడకూడదు, అక్కడ నూనె చేరి ఉండిపోతుంది.

నా ఓటు విద్యుత్ కంప్రెసర్‌తో నడిచే 24 వోల్టుల స్ప్లిట్ యూనిట్‌కి, 2 నుంచి 2.5 కిలోవాట్ల చల్లదనం ఇచ్చేది. కంప్రెసర్, కండెన్సర్ ముందు స్కర్ట్ (బస్సు పక్క కింది రేకు) పెట్టెలో, చల్లబరిచే కాయిల్ డ్యాష్‌లో, గొట్టాలు 2–3 మీటర్లు. ఇంజిన్ ఆపినా కాసేపు నడుస్తుంది.

నూనె విషయం జాగ్రత్త. బెల్టు కంప్రెసర్లకు వాడే పీఏజీ నూనె విద్యుత్ కంప్రెసర్లో పోయకూడదు, అది కరెంటుని కొంత పోనిస్తుంది, మోటారు చుట్టల ఇన్సులేషన్ దెబ్బతింటుంది. తయారీదారు చెప్పిన పీఓఈ నూనె మాత్రమే. గేజీ గొట్టాల్లో మిగిలిన పాత నూనె కూడా చాలు పాడు చేయడానికి.

గ్యాస్ పట్టే ముందు వాక్యూమ్ పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ గేజీ కొలత) కిందికి దించి, పంపు ఆపి అరగంట చూడండి. అంకె మెల్లగా ఎక్కి ఒకచోట నిలబడితే లోపల తేమ, ఎక్కుతూనే పోతే లీకు. గ్యాస్‌ని తూకం వేసే పట్టాలి, ఒత్తిడి చూసి కాదు. పాత గ్యాస్ గాల్లోకి వదలకండి, రికవరీ యంత్రం ఉన్నవాళ్ల చేత తీయించండి.

కండెన్సర్ చోటు సగం యుద్ధం. నడుస్తుండగా దాని నోటి దగ్గర గాలి వేడి కొలవండి. బయటి గాలికన్నా 5 డిగ్రీలు మించితే, అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తోందని అర్థం. కండెన్సర్ చుట్టూ ఫోమ్ పట్టీతో సందులు మూసి, వచ్చే దారీ పోయే దారీ వేరు చేయండి. ఫ్యాను తిరిగే దిక్కు బండి కదిలితే వచ్చే గాలికి ఎదురు కాకూడదు.

ఇరవైనాలుగువోల్టులు
కరెంటు లెక్క నేను చెబుతా. మీ కప్పు ఏసీ 1.5 కిలోవాట్లు లాగితే, ఇన్వర్టర్ నష్టంతో 24 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లు. ముందు అలాంటిదే ఇంకోటి పెడితే 140. ఆల్టర్నేటర్ మీద 150 అని రాసి ఉన్నా, ఇంజిన్ గది వేడిలో గంటల తరబడి ఇవ్వగలిగేది అందులో మూడింట రెండు వంతులు. లైట్లు, ఇంజిన్ కంప్యూటర్, బ్యాటరీ ఛార్జింగు దాంట్లోంచే. రెండో కప్పు ఏసీ అక్కడే వీగిపోతుంది.

గ్యాస్‌పైపు గారు చెప్పిన యూనిట్ 35–40 ఆంపియర్లు తింటుంది. బ్యాటరీ వెనకుంటే పోను, రాను 20 మీటర్లు. 25 చదరపు మి.మీ. రాగి తీగలో 40 ఆంపియర్లకు 0.56 వోల్టు పడిపోతుంది, రెండు శాతం చిల్లర, బాగానే ఉంది. ఇదే బలమున్న 12 వోల్టుల యూనిట్‌కి కరెంటు రెట్టింపు, అదే శాతం నష్టానికి తీగ నాలుగు రెట్లు లావు కావాలి, 100 చదరపు మి.మీ. అందుకే బండి ఎన్ని వోల్టులదో అదే కొనండి. ఫ్యూజు 60 ఆంపియర్లు, బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలో, యూనిట్ దగ్గర కాదు. తీగ రేకు గుండా దాటే ప్రతి చోటా గ్రోమెట్. 24 వోల్టుల బ్యాటరీ జతలో ఒక్కదాన్నించి 12 వోల్టులు లాగే పాడు అలవాటు వద్దు, రెండూ అసమానంగా చచ్చిపోతాయి.

దారిపొడుగు
నీళ్ల కూలర్ తక్కువ కరెంటు తింటుంది కదా, అది సరిపోదా?

కొలతముఖ్యం
ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 0.68 కిలోవాట్ అవర్ల వేడి తీసుకుంటుంది. 2 కిలోవాట్ల చల్లదనానికి గంటకు 3 లీటర్లు. పొడి ఎండలో, గాలి బయటికి పోయే దారి తెరిచి ఉంచితే పనిచేస్తుంది. ఉక్కపోతలో ఆ మూడు లీటర్లూ గాల్లో తేమై ముందు అద్దానికి ఆవిరి పడుతుంది, డ్రైవర్‌కి చెమట ఆరదు. ఏసీతో కలిపి మాత్రం ఎప్పుడూ నడపకండి, ఒకటి కలిపిన తేమను ఇంకోటి పిండుతూ కూర్చుంటుంది.

నట్టుబోల్టు
ముందు యూనిట్ పెట్టేలోగా ఉన్న ఏసీనే కొంత వాడుకోవచ్చు. దాని ముందువైపు గాలిని 125 మి.మీ. గొట్టాలు రెండింటితో కప్పు అంచుల వెంట డ్రైవర్ నెత్తి దాకా తేవాలి. గంటకు 400 ఘనపు మీటర్లయితే గాలి వేగం సెకనుకు 4.5 మీటర్లు, శబ్దం భరించవచ్చు. ఒకే 150 గొట్టంలో అదే గాలి 6 దాటి ఈల వేస్తుంది. గొట్టం చుట్టూ ఇన్సులేషన్ లేకపోతే చెమట పట్టి సీలింగు తడుస్తుంది.

సీటు వెనక మందపాటి పరదా వేస్తే చల్లబరచాల్సిన చోటు తగ్గుతుంది. కానీ పైనుంచి వచ్చిన గాలి తిరిగి ఏసీకి పోవాలి, కింద 150 మి.మీ. సందు వదలండి.

కొలతముఖ్యం
పరదా సరే, ముందు విడి యూనిట్ పెట్టి పూర్తిగా బిగించేస్తే ఒకటి గుర్తుంచుకోవాలి. 6 ఘనపు మీటర్ల చోట ఇద్దరు కూర్చుని, బయటి గాలి అసలే రాకపోతే, గంటలో కార్బన్ డయాక్సైడ్ 6,000 పీపీఎం దాటుతుంది. మత్తుగా ఉండి కళ్లు మూతలు పడతాయి. నడిపేవారికి అది వేడికన్నా ప్రమాదం. బయటి గాలి ఫ్లాప్ కాస్త తెరిచి ఉంచండి. మామూలుగా మాత్రం ఆ ఫ్లాప్ పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, డ్యాష్ కింద చెయ్యి పెట్టి కేబుల్ కదిలిస్తే తెలుస్తుంది.

ఆరుచక్రాలు
14 చిల్లులూ మూసేశాం, రూటు బోర్డు పెట్టె నింపాం, డ్యాష్ మీద ఫోమ్, ఫెల్ట్ వేశాం. బయట 36, తల దగ్గర 33, పాదాల దగ్గర 32, వెనక ఏసీ ఒక్కటే నడుస్తుండగా. 24 వోల్టుల స్ప్లిట్ తెప్పిస్తున్నాను. పాత హీటర్ డబ్బాలోనే కాయిల్ కూర్చోబెట్టాలని ఆలోచన, బ్లోయర్ కాయిల్ తర్వాత ఉంది. నీళ్లు బయటికి పోవడానికి కింద ఒక 12 మి.మీ. గొట్టం చాలా?

గ్యాస్‌పైపు
గొట్టం సైజు చాలు, కానీ ఉత్త గొట్టం చాలదు. బ్లోయర్ కాయిల్ తర్వాత ఉందంటే డబ్బా లోపల ఒత్తిడి బయటికన్నా తక్కువ. గొట్టంలోంచి గాలి పైకి పీల్చుకుంటూ నీటిని దిగనివ్వదు. ట్రేలో నీరు నిండి, బ్లోయర్ ఆపిన క్షణాన మొత్తం డ్రైవర్ బూట్ల మీదికి వస్తుంది. ఇళ్ల ఏసీల్లోలాగా యు వంపు పెట్టొచ్చు. 250 పాస్కళ్ల లోటుకి 25 మి.మీ. నీటి ఎత్తు కావాలి, కాబట్టి వంపు లోతు 50 ఉంచాలి. అయితే బండి కుదుపులకు నీరు చిమ్మి వంపు ఎండిపోతుంది, దుమ్ముతో పూడుతుంది. బాతు ముక్కు ఆకారంలో ఉండే రబ్బరు వాల్వు గొట్టం చివర తొడగండి, అదే ఇక్కడ సరైనది. ట్రే నుంచి వాల్వు దాకా నిలువుగా 100 మి.మీ. గొట్టం ఉంటే నీటి బరువుకి పెదవులు తెరుచుకుంటాయి. చివర చక్రాల గుంటలోకి కాకుండా ఫ్లోర్ కింద గాలి ఎదురు కొట్టని చోట వదలండి. డబ్బా మూసేముందు బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టి, ట్రేలో అర లీటరు నీళ్లు పోసి, కింద ఎంత వచ్చిందో గ్లాసులో పట్టి చూడండి.

ఆరుచక్రాలు
బ్లోయర్ నడుస్తుండగానే పోయాలన్నమాట. సరేనండీ, కాయిల్ రాగానే అలాగే చేసి రీడింగులు ఇక్కడే పెడతాను.